బ్యాటరీకీ పంచసూత్రాలు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నాకు ఇచ్చిన అంశం కరెంటు బండ్ల బ్యాటరీలు. నేను ఇంజినీరుని కాదు, పదో తరగతి వరకు చదువుకున్నాను. మా సంఘంలో పది మందిమి ఉంటే ముగ్గురికి కరెంటు బండ్లున్నాయి. రెండు స్కూటర్లు, అందులో ఒకటి నాది. ఇంకొక అక్క ప్యాసింజరు ఆటో తీసుకుని నడుపుకుంటోంది. బండితో పాటు ఇచ్చిన పుస్తకం చదివి, సర్వీసు వాళ్ళని అడిగి, మా ఊరి ఎలక్ట్రీషియన్ తమ్ముణ్ణి అడిగి తెలుసుకున్నవి, వాడుకలో చూసినవి మీతో చెప్తాను.

బండి కొనేటప్పుడు మనం రంగు చూస్తాం, ధర చూస్తాం, వాయిదా ఎంత పడుతుందో లెక్క వేసుకుంటాం. కానీ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. కరెంటు బండి ధరలో దాదాపు మూడో వంతు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ, ఒక్క బ్యాటరీదే. బ్యాటరీ పాడైతే బండి మూలన పడుతుంది. బండి మూలన పడ్డా వాయిదా మాత్రం ఆగదు. బ్యాంకు లింకేజీ అయినా, స్త్రీనిధి అయినా, నెల తిరిగేసరికి కట్టాల్సిందే. ఒకరు కట్టలేకపోతే ఆ భారం సంఘం మొత్తం మీద పడుతుంది. అందుకని బ్యాటరీ జాగ్రత్త ఒక్క ఇంటి సంగతి కాదు, సంఘం సంగతి.

డబ్బు కంటే పెద్దది ప్రాణం. 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాద్‌లో రాత్రి ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి, ఆ గదిలో పడుకున్న పెద్దాయన చనిపోయారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో ఛార్జింగు పెట్టిన బ్యాటరీ తెల్లవారుజామున పేలింది. ఇంటి యజమాని చనిపోయాడు, భార్యాపిల్లలకు గాయాలయ్యాయి. అది కొత్తగా కొన్న బండి. రెండు చోట్లా జరిగిందేంటో చూడండి. బ్యాటరీ ఇంటి లోపల ఉంది, మనుషులు నిద్రలో ఉన్నారు.

అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాదులో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలొచ్చి 8 మంది చనిపోయారు. కింద మంట ఉంటే పొగ మెట్ల దారిన పైకి ఎక్కింది. మంట కంటే ముందు పొగ మనిషిని పడేస్తుంది. ఈ మూడూ మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. గ్యాస్ బండ ఇంటికి వచ్చిన కొత్తలో మన అమ్మలు భయపడ్డారు. రెగ్యులేటర్ తిప్పడం, ట్యూబు చూసుకోవడం నేర్చుకున్నాక ఇప్పుడు రోజూ వాడుకుంటున్నాం. ఇదీ అంతే.

బ్యాటరీ ఎందుకు కాలుతుందో రెండు మాటల్లో చెప్తాను. లిథియం బ్యాటరీ పెట్టెలో చిన్న చిన్న సెల్స్ చాలా ఉంటాయి. ఏదో ఒక సెల్ లోపల దెబ్బ తిన్నా, నీరు దిగినా, ఎక్కువ కరెంటు ఎక్కించినా, అది వేడెక్కుతుంది. ఆ వేడి పక్క సెల్‌కి పాకుతుంది. అలా ఒకదాన్నించి ఒకటి అంటుకుంటే ఇంక ఆపడం మన చేతిలో ఉండదు. ఇది జరగకుండా కాపలా కాయడానికి పెట్టెలో బీఎంఎస్ అనే సర్క్యూట్ ఉంటుంది. కాపలా ఉంది కదా అని మనం తలుపు తీసి పడుకోం కదా. మన జాగ్రత్త మనకుండాలి.

మన సంఘాలకు పంచసూత్రాలున్నాయి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, అప్పు తిరిగి కట్టడం, పుస్తక నిర్వహణ. నిద్రలో లేపి అడిగినా చెప్తాం. బ్యాటరీకి కూడా అలాగే ఐదు సూత్రాలు పెట్టుకుందాం.

మొదటి సూత్రం: చోటు

ఛార్జింగు ఎక్కడ పెడుతున్నాం అన్నది అన్నిటికంటే ముఖ్యం. పడుకునే గదిలో వద్దు. వంటింట్లో, గ్యాస్ బండ దగ్గర వద్దు. మెట్ల కింద వద్దు. ఇంటికి ఒక్కటే గుమ్మం ఉంటే ఆ గుమ్మం దగ్గర అసలే వద్దు. ఎందుకంటే మంట వస్తే మనం బయటికి రావాల్సిన దారి అదే. పూరింట్లో, గడ్డివాము పక్కన, ఆరేసిన బట్టల కింద, పత్తి బస్తాల పక్కన పెట్టకూడదు.

గాలి ఆడే పంచలో, వసారాలో, నీడ ఉన్న షెడ్డులో పెట్టుకోవాలి. బ్యాటరీ బయటికి తీసే రకం అయితే సిమెంటు గచ్చు మీదో, నాపరాయి మీదో పెట్టండి. మంచం మీద, పరుపు మీద, చెక్క బల్ల మీద వద్దు. చుట్టూ కనీసం ఒక మూర ఖాళీ ఉంచండి. ఛార్జరు మీద గుడ్డ కప్పకూడదు. ఛార్జరుకి గాలి తగలాలి.

"బయట పెడితే దొంగలెత్తుకుపోతారు" అని చాలామంది అంటారు. అది నిజమైన భయమే. గ్రిల్లు ఉన్న పంచ అయితే సరిపోతుంది. లేకపోతే బండిని గొలుసుతో స్తంభానికి కట్టి తాళం వేసుకోవాలి. గొలుసు, తాళం ఖరీదు బండి ఖరీదులో ఎంత?

రెండో సూత్రం: సమయం

మనం మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగు. ఇదొక్కటి పాటించినా సగం ప్రమాదం తప్పినట్టే.

"పగలంతా పనికి పోతాం, రాత్రి కాకపోతే ఎప్పుడు పెట్టాలి?" అని మా సంఘం మీటింగులోనే అడిగారు. కూర్చుని లెక్క వేశాం. ఒక స్కూటర్ నిండా ఛార్జి చేస్తే 80 కిలోమీటర్లు తిరుగుతుందనుకోండి. మనం రోజుకి తిరిగేది 20 కిలోమీటర్లు. అంటే రోజుకి పావు వంతు ఖర్చవుతుంది. 80 శాతం దగ్గర మొదలుపెడితే రెండు రోజులు తిరిగినా ఇంకా 30 శాతం మిగులుతుంది. ఖాళీ నుంచి నిండడానికి ఐదు గంటలు పట్టే బ్యాటరీకి, ఆ సగం నింపడానికి రెండున్నర, మూడు గంటలు చాలు. సాయంత్రం ఆరున్నరకి పెడితే, వంట చేసుకుని, పిల్లల చదువు చూసుకుని, తొమ్మిదిన్నరకి తీసేయొచ్చు. అదీ రోజు విడిచి రోజు. రాత్రంతా పెట్టాల్సిన అవసరం చాలామందికి లేనే లేదు. అలవాటు కొద్దీ పెడుతున్నాం.

ఇంకో లాభం కూడా ఉంది. లిథియం బ్యాటరీని పూర్తిగా సున్నాకి దించినా, రోజూ నూటికి నూరు నింపి వదిలేసినా ఆయుష్షు తగ్గుతుంది. 20కి దిగకుండా, 80, 90 మధ్య ఆపుకుంటే ఎక్కువ కాలం వస్తుంది. కొన్ని రకాలకు మాత్రం అప్పుడప్పుడు నూరు శాతం నింపమని పుస్తకంలో రాసి ఉంటుంది. మీ బండి పుస్తకంలో అలా ఉంటే అలాగే చేయండి. దూర ప్రయాణం ఉన్న రోజు నిండా పెట్టుకోండి, తప్పు లేదు.

ఆటో నడిపే అక్క రోజంతా తిరగాలి కాబట్టి ఆమెకి ఈ లెక్క చాలదు. ఆమె మధ్యాహ్నం భోజనం వేళ రెండు గంటలు, సాయంత్రం వచ్చాక మూడు గంటలు పెడుతోంది. లిథియం బ్యాటరీకి ఇలా విడతలు విడతలుగా ఎక్కించినా నష్టం లేదు.

మూడో సూత్రం: ఛార్జరు, ప్లగ్గు

బండితో వచ్చిన ఛార్జరే ఆ బండికి వాడాలి. పిన్ను పట్టింది కదా అని పక్కింటి ఛార్జరు పెట్టకూడదు. 48 వోల్టుల బ్యాటరీకి 60 వోల్టుల ఛార్జరు పెడితే ప్రమాదాన్ని మనమే పిలిచినట్టు. లెడ్ యాసిడ్ ఛార్జరుని లిథియం బ్యాటరీకి పెట్టకూడదు. ఛార్జరు పాడైతే అదే కంపెనీది కొనాలి. ఇక్కడ వెయ్యి మిగిలిందని సంతోషపడితే అక్కడ బ్యాటరీ పోతుంది, వారంటీ కూడా పోతుంది.

ఇక ప్లగ్గు. మిక్సీ ఐదు నిమిషాలు తిరుగుతుంది. ఛార్జరు గంటల తరబడి ఆపకుండా లాగుతుంది. వదులుగా ఉన్న ప్లగ్గు మిక్సీకి ఓర్చుకుంటుంది, ఛార్జరుకి ఓర్చుకోలేదు. వేడెక్కి, కమురు వాసన వచ్చి, కరుగుతుంది. మా ఊళ్ళో ఒక అక్క వాళ్ళింట్లో ప్లగ్గు రంధ్రాల చుట్టూ నల్లబడింది. ఆమె అది చూసి వెంటనే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలిచింది. విప్పి చూస్తే లోపల వైరు తొడుగు కరిగి ఉంది. ఆమె కన్ను చురుకుగా ఉండబట్టి ఇల్లు నిలిచింది.

కాబట్టి బండికి 15, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు విడిగా వేయించుకోవాలి. మీటరు బోర్డు నుంచి నేరుగా కనీసం 2.5 ఎంఎం రాగి వైరు రావాలి, దూరం ఎక్కువైతే 4 ఎంఎం. దానికి సొంతంగా ఒక ఎంసీబీ ఉండాలి. మనిషికి షాక్ కొట్టకుండా ఆపేది ఇంకొకటి ఉంది, ఆర్‌సీసీబీ అంటారు, 30 మిల్లీ ఆంపియర్లది. ఈ రెండూ వేరు వేరు పనులు చేస్తాయి. ఎంసీబీ వైరుని కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది.

ఎర్తింగు మర్చిపోవద్దు. మన ఇళ్ళల్లో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది గానీ, పై రంధ్రానికి వైరు ఉండదు. ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. ఎండాకాలం ఎర్తు గుంట ఎండిపోకుండా నీళ్ళు పోయండి. రెండు పిన్నుల ప్లగ్గు మార్చి పెట్టడం, కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగడం, అతుకుల వైరు వాడటం మానేయాలి. కరెంటు స్తంభం నుంచి కొక్కెం వేయడం సంగతి చెప్పక్కర్లేదు. అది నేరం, ప్రాణానికీ ముప్పు. సర్వీసు వైరులో నిప్పురవ్వలు వస్తుంటే 1912కి ఫోను చేసి చెప్పండి.

నాలుగో సూత్రం: చల్లదనం, పొడిదనం

తిరిగి వచ్చిన వెంటనే ఛార్జింగు పెట్టకండి. మనం ఎండన పడి వస్తే కాసేపు నీడన కూర్చుని నీళ్ళు తాగుతాం. బ్యాటరీకీ ఒక అరగంట, ముప్పావుగంట చల్లారే టైము ఇవ్వాలి. అలాగే ఛార్జింగు తీసిన వెంటనే ఎండలో పరుగు తీయించకండి. లిథియం సెల్స్‌కి ఛార్జింగు ఎక్కించడానికి సాధారణంగా 45 డిగ్రీలు హద్దు. మన దగ్గర మే నెలలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం పూట ఎంత ఉంటుందో మీకు తెలుసు. వేసవిలో పొద్దున్నే గానీ, పొద్దు గూకాక గానీ పెట్టుకోండి.

వానాకాలం ఛార్జింగు మూతి మీద రబ్బరు మూత ఉండేలా చూసుకోండి. తడి చేత్తో ప్లగ్గు ముట్టుకోవద్దు. పైపుతో జోరుగా నీళ్ళు కొట్టి బండి కడగొద్దు, తడిగుడ్డతో తుడుచుకుంటే చాలు. వరద నీళ్ళలో బండి మునిగితే, పైకి ఆరినట్టు కనిపించినా స్విచ్ వేయకూడదు, ఛార్జింగు పెట్టకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బండ్లు నీళ్ళలో నిలబడ్డాయి. అలాంటి బండిని ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచి, సర్వీసు వాళ్ళతో చూపించాకే వాడాలి. బ్యాటరీ లోపలికి నీరు దిగితే కొన్ని రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు.

బండి కింద పడినా, బ్యాటరీ చేయి జారినా అంతే. పైన సొట్ట చిన్నదే అయినా లోపల ఏమైందో మనకు కనపడదు. చూపించుకోవాలి.

ఊరెళ్ళి నెల రోజులు బండి తీయకపోతే బ్యాటరీ సగం ఛార్జితో ఉంచి వెళ్ళండి. సున్నాతో వదిలేస్తే మళ్ళీ లేవకపోవచ్చు. నెలకొకసారి చూసి కొంచెం ఎక్కించాలి.

ఐదో సూత్రం: పుస్తకం

సంఘానికి పుస్తకం ఉన్నట్టే బ్యాటరీకి ఒక నోటు పుస్తకం పెట్టండి. కొన్న తేదీ, బ్యాటరీ నెంబరు, ఛార్జరు నెంబరు, వారంటీ ఎప్పటివరకు ఉందో మొదటి పేజీలో రాయండి. బిల్లు, వారంటీ కార్డు అందులోనే పెట్టండి. తర్వాత నెలకొకసారి, నిండా ఛార్జి చేసిన రోజు, ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో రాయండి. మొదట్లో 80 వచ్చేది ఇప్పుడు 55 వస్తుంటే, పుస్తకం చూపించి అడగొచ్చు. నోటి మాటగా "ఇదివరకు బాగా వచ్చేదండీ" అంటే ఎవరూ వినరు. రాసింది చూపిస్తే వింటారు. ఇది మనకు సంఘమే నేర్పింది.

కరెంటు ఖర్చు కూడా రాసుకోండి. 3 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండాలంటే దాదాపు మూడున్నర యూనిట్లు కాలుతుంది. మీ బిల్లులో ఉన్న రేటుతో గుణిస్తే ఖర్చు తెలుస్తుంది. మామూలు కంటే బాగా ఎక్కువ కాలుతుంటే ఎక్కడో లోపం ఉందని అర్థం.

లెడ్ యాసిడ్ బ్యాటరీలు

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా లిథియం సంగతి. మన మండలంలో కొన్ని ఈ-రిక్షాలకు పాత రకం బరువు బ్యాటరీలు నాలుగు వరసగా ఉంటాయి. వాటి పద్ధతి వేరు. వాటిని సగంలో ఆపకూడదు, తిప్పిన రోజు నిండా ఎక్కించాలి. ఎనిమిది, పది గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పెట్టక తప్పదు. అందుకే అవి ఇంటి బయట, అన్ని వైపులా గాలి ఆడే షెడ్డులోనే ఉండాలి. ఛార్జింగు అయ్యేటప్పుడు వాటిలోంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, అగ్గిపుల్ల గీస్తే అంటుకుంటుంది. బీడీ, దీపం, పొయ్యి దగ్గరికి రాకూడదు. నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్ళు, కుళాయి నీళ్ళు వద్దు. ఒంటి మీద యాసిడ్ చిమ్మితే ఆపకుండా పావుగంట పైనే మంచినీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. కంట్లో పడితే అసలు ఆలస్యం చేయొద్దు.

ప్రమాదం వస్తే

బ్యాటరీ ఉబ్బినా, ముట్టుకుంటే కాలేంత వేడిగా ఉన్నా, ఏదో మందు వాసన వచ్చినా, బుస్సుమని చప్పుడైనా, పొగ కనిపించినా ఇంక ఆలోచించకండి. ముందు పిల్లల్ని, ముసలివాళ్ళని తీసుకుని బయటికి రండి. మెయిన్ స్విచ్ దారిలో ఉంటే కట్టేయండి, లేకపోతే వదిలేయండి. 101కి గానీ 112కి గానీ ఫోను చేయండి. బ్యాటరీ మంట అని ముందే చెప్పండి. పొగ వస్తున్న బ్యాటరీని చేత్తో ఎత్తి బయట పడేద్దామని చూడకండి. ఆ పొగ విషం. డబ్బుల కోసం, నగల కోసం, సంఘం పుస్తకాల కోసమైనా సరే మళ్ళీ లోపలికి వెళ్ళకండి. పుస్తకాలు మళ్ళీ రాసుకుందాం. మంట ఆరిందనుకున్న బ్యాటరీ గంటల తర్వాత మళ్ళీ అంటుకోవచ్చు, దాన్ని ఇంట్లోకి తేవొద్దు. కాలిన చోట చల్లటి నీళ్ళు ఇరవై నిమిషాలు పోయండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయకండి. 108ని పిలవండి.

కొనేటప్పుడు, పారేసేటప్పుడు

2022 ప్రమాదాల తర్వాత కేంద్రం బ్యాటరీల భద్రతకు ఏఐఎస్-156 నిబంధనలు గట్టి చేసింది. 2022 డిసెంబరు 1 నుంచి కొన్ని, 2023 మార్చి 31 నుంచి మిగిలినవి అమల్లోకి వచ్చాయి. షోరూములో "ఏఐఎస్-156 సవరణ మూడు ప్రకారం ఉందా, కాగితం చూపించండి" అని అడగండి. గంటకి 25 కిలోమీటర్లు, 250 వాట్లు మించని బండ్లకు రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కర్లేదు. అలాంటి బండికి స్పీడు పెంచి ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఎక్కడో సెల్స్ కలిపి కట్టిన పేరూ ఊరూ లేని బ్యాటరీ చవకగా వస్తుందని తీసుకోవద్దు.

ఇంకో మాట. నా బండి తీసుకున్న రోజు షోరూము అబ్బాయి ఛార్జింగు జాగ్రత్తలన్నీ మా ఆయన వైపు చూసి చెప్పాడు. లోను నా పేరున ఉంది, నడిపేది నేను, ఛార్జింగు పెట్టేది నేను. "బాబూ, ఇటు చూసి చెప్పు" అన్నాను. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. మీరు కూడా అడిగి చెప్పించుకోండి. ఇంట్లో అత్తగారికి, పిల్లలకి కూడా చెప్పండి. మనం లేనప్పుడు ప్లగ్గు పెట్టేది వాళ్ళే.

పాత బ్యాటరీని పాత సామాన్ల వాళ్ళకు అమ్మొద్దు, ఇంట్లో విప్పొద్దు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. డీలరుకి ఇచ్చి రసీదు తీసుకోండి. లెడ్ బ్యాటరీలోని సీసం పసిపిల్లల మెదడుకి హాని చేస్తుంది.

చివరిగా ఈ సభ ముందు మూడు విషయాలు పెడుతున్నాను. ఒకటి, సూక్ష్మ రుణ ప్రణాళికలో బండి ధర మాత్రమే రాస్తున్నాం. ఇకనుంచి ప్లగ్గు, ఎంసీబీ, ఎర్తింగు ఖర్చు కూడా కలిపి రాద్దాం. బండికి అప్పు దొరికి, ప్లగ్గుకి దొరక్కపోతే ఆ అప్పు సగమే ఇచ్చినట్టు. రెండు, బండి ఉన్న ప్రతి ఇంటి వైరింగు ఏడాదికొకసారి, వేసవికి ముందు, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చూపించి గ్రామ సంఘం మినిట్స్‌లో రాద్దాం. అందరం కలిసి పిలిస్తే తలా కొంచెమే పడుతుంది. మూడు, ఒకే గది, ఒకే గుమ్మం ఉన్న అక్కలకు ఇంటి దగ్గర చోటు లేదు. వాళ్ళకు నేను చెప్పిన మొదటి సూత్రం ఎంత చెప్పినా పాటించడానికి వీలవదు. సొంత భవనం ఉన్న గ్రామ సంఘాల్లో బయట ఒక షెడ్డు, విడి మీటరు పెట్టి, యూనిట్ లెక్కన డబ్బు తీసుకుని ఛార్జింగు ఇవ్వొచ్చేమో ఓబీలు చర్చించాలని కోరుతున్నాను. జాగ్రత్త చెప్పడంతో మన పని అయిపోదు, పాటించే వీలు కూడా మనమే కల్పించుకోవాలి.

చోటు, సమయం, ఛార్జరు ప్లగ్గు, చల్లదనం పొడిదనం, పుస్తకం. ఈ ఐదూ వచ్చే మీటింగులో మీ మీ సంఘాల్లో ఒకసారి చదివి వినిపించండి. ఈరోజు ఇంటికి వెళ్ళగానే మీ ఛార్జింగు ప్లగ్గు రంధ్రాలు నల్లబడ్డాయేమో ఒక్కసారి చూడండి.